మౌనోపాసన, ఆత్మనిక్షేపము : పాలమూరు క్రైస్తవ సంప్రదాయమును గూర్చిన పదవిచారము

1. ఉపోద్ఘాతము

క్రైస్తవ మతమున ప్రార్థన యనగానే స్తుతి, కృతజ్ఞత, పశ్చాత్తాపము, కోరిక అను నాలుగు విధములైన వాగ్వ్యాపారము స్ఫురించుట సహజము. కాని వాక్కు ఉపశమించిన పిదప నిలుచు ప్రార్థన యొకటి ఆ మతమున ప్రాచీన కాలమునుండియు కలదు. గ్రీకు భాషలో దానికి థెయోరియా యనియు, లాటినులో కాంటెంప్లాటియో యనియు పేర్లు. రెండింటను మూలార్థము చూపునకు సంబంధించినదే. సాధకుడు దేనిని గూర్చియో ఆలోచించుట మాని, ఈశ్వర సన్నిధిలో ప్రేమతో నిలిచియుండుటయే దీని స్వరూపము.

తెలుగున ఈ స్థితిని తెలుపుటకు సాధారణముగా 'ధ్యానము' అను పదమే వాడబడుచున్నది. ఆలోచనాత్మకమైన మెడిటాటియో అను దానికిని ఇదే పదము. భిన్నములైన రెండు అవస్థలకు ఒకే సంజ్ఞ యుండుటచే కలుగు చిక్కు పండితులకు మాత్రమే పరిమితమైనది కాదు. ప్రాచ్య కళాశాలలలో మతదర్శనముల తారతమ్యమును బోధించు అధ్యాపకుడు క్రైస్తవ ప్రార్థనను కేవలము యాచనగా నిర్ణయించును. గ్రామమందలి క్రైస్తవ విశ్వాసి మౌనమును అన్యమత సాధనగా శంకించి దూరముగా నుండును. పేరు లేని వస్తువు ఇరువురికిని కనబడకపోవుచున్నది.

ఈ విచారమునకు పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు తగిన క్షేత్రములు. 2016లో ఈ మూడును ప్రత్యేక జిల్లాలకు కేంద్రములైనవి. గద్వాల, వనపర్తి సంస్థానములు నిజాము రాజ్యమున సంస్కృతాంధ్ర పండితులను పోషించిన విద్యాస్థానములు. గద్వాలకు 'విద్వద్గద్వాల' యను ప్రశస్తి కలదు. నాగర్‌కర్నూలు సమీపమందలి పాలెములో ప్రాచ్య కళాశాల వెలసినది. ఇదే మూడు పట్టణములలో మెన్నొనైట్ బ్రదరెన్ అను క్రైస్తవ శాఖ వారు 20వ శతాబ్ది పూర్వార్ధమున మిషను స్థానములు నడపిరి. వారి బైబిలు పాఠశాల మొదట నాగర్‌కర్నూలులోనే ఆరంభమై పిదప శంషాబాదునకు తరలినది. శాస్త్ర పాఠశాలయు బైబిలు పాఠశాలయు ఇంత సమీపమున నున్న సీమలో, ఒకరి పరిభాషను ఇంకొకరికి అందించు యత్నము సముచితము.

2. నాలుగు మెట్లు

పాశ్చాత్య సన్న్యాసాశ్రమములలో గ్రంథపఠనమునుండి మౌనమునకు సాగు క్రమమును గ్రాండ్ షార్ట్రూజ్ మఠాధిపతియైన రెండవ గీగో 12వ శతాబ్దిలో ఒక నిచ్చెనగా నిరూపించెను. లెక్టియో యనగా పఠనము. మెడిటాటియో యనగా పఠించిన దానిని గూర్చిన విచారము. ఓరాటియో యనగా ప్రార్థన. కాంటెంప్లాటియో యనగా పై మూడింటి పిదప లభించు విశ్రాంతి. ఆహారమును నోటనుంచుకొనుట, నమలుట, సారమును గ్రహించుట, మాధుర్యమును అనుభవించుట అను ఉపమానముతో ఆయన ఈ నాలుగింటిని వివరించెను. అలంకారశాస్త్రమున 'రసచర్వణ' యను పదమునకు అలవాటుపడిన పాఠకునకు ఈ ఉపమానము కొత్తగా తోచదు. చర్వణ దశలో విభావాదుల విడివిడి విచారము ఉండదు, రసమే మిగులును.

ఈ క్రమమునకు మూలము హీబ్రూ కీర్తనల సంప్రదాయము. మొదటి కీర్తనలో ధర్మశాస్త్రమును రేయింబవళ్లు ధ్యానించువానిని గూర్చిన ప్రస్తావన కలదు. అచ్చట తెలుగు బైబిలు 'ధ్యానించు' అని అనువదించిన హీబ్రూ ధాతువు 'హాగా'. దానికి లోగొంతుతో పలుకుట, గొణుగుట యని అర్థము. యెషయా గ్రంథమున పావురము మూలుగుటకును, సింహము గుర్రుమనుటకును ఇదే ధాతువు వాడబడినది. కావున మొదటి కీర్తనలోని ధ్యానము మన పరిభాషలో ఉపాంశు జపమునకు సన్నిహితము. 5వ శతాబ్ది ఆదిభాగమున జాన్ కాసియన్ ఈజిప్టు ఎడారి మునుల అభ్యాసమును వివరించుచు, దైవసహాయమును వేడు ఒక చిన్న కీర్తన చరణమునే నిరంతరము ఆవర్తనము చేయవలెనని బోధించెను. అంతకు ముందే ఎవాగ్రియస్ (345–399) ప్రార్థన యనగా తలపులను విడుచుటయని నిర్వచించి యుండెను. ఆవర్తనము సాధనము, తలపుల విరామము ఫలము. ఈ సాధన ఫలములకు తెలుగున ఒకే పేరుండుట యుక్తము కాదు.

3. పదపరీక్ష

కాంటెంప్లాటియోకు సమానార్థకముగా తోచు సంస్కృత పదములను ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను.

మొదటిది ధ్యానము. ధాతుపాఠమున ధ్యై ధాతువునకు చింతయే అర్థము. యోగశాస్త్రమున ఒకే విషయమునందు ప్రత్యయముల ఏకతానతయే ధ్యానము. విషయమును పట్టుకొని యుండుట ఇందు ప్రధానము. మెడిటాటియోకు ఇది చక్కగా సరిపోవును. ఆలోచన విరమించిన అవస్థకు సరిపోదు.

రెండవది నిదిధ్యాసనము. శ్రవణ మననముల పిదప వచ్చుటచే గీగో చెప్పిన క్రమమును స్మరింపజేయును. కాని అద్వైతమున నిదిధ్యాసనము విపరీతభావనను తొలగించు సాధనము, జ్ఞానమునకు అంగము. కాంటెంప్లాటియో ఫలస్థానీయము. అదియును సాధకుని ప్రయత్నముచే గాక దైవకృపచే లభించునదని క్రైస్తవ ఆచార్యులలో అధికులు చెప్పిరి. అంగమును అంగి స్థానమున నిలుపుట న్యాయము కాదు.

మూడవది సమాధి. అర్థమును బట్టి కొంత సామీప్యమున్నను వ్యవహారము అడ్డుపడుచున్నది. తెలుగు క్రైస్తవుల భాషలో సమాధి యనగా మృతదేహమును ఉంచు స్థలము. యేసు సమాధిని గూర్చి ప్రతి సంవత్సరము వినువానికి 'సమాధిస్థితి' యను మాట విపరీతార్థమునే కలిగించును. శాస్త్రపరిభాష లోకరూఢికి విరుద్ధముగా నుండరాదు.

నాల్గవది దర్శనము. థెయోరియాకు ఇదియే అక్షరార్థము. శ్రీభాష్యమున రామానుజులు ఉపాసనను తైలధార వలె తెగని స్మృతిగా నిరూపించి, అది పరిపక్వమైనపుడు దర్శన సమానాకారమును పొందునని సిద్ధాంతీకరించిరి. ఆ స్మృతి ప్రీతిరూపమనియు, భగవంతుడు ఎవనిని వరించునో వానికే లభ్యమనియు వారి మతము. ఇంతటి సామ్యము మరియొక చోట దుర్లభము. అయినను తెలుగు బైబిలున దర్శనమనగా ప్రవక్తలకు కనబడిన అద్భుత దృశ్యము. స్పెయిను దేశపు యోగి సిలువ యోహాను (1542–1591) అట్టి దృశ్యములను కోరరాదని, వచ్చినను వానిని ఆశ్రయింపరాదని గట్టిగా హెచ్చరించెను. దర్శనమను పేరు పెట్టినచో ఆయన నిషేధించిన దానినే విధించినట్లగును.

ఈ నాలుగింటిని విడిచిన పిదప 'మౌనోపాసన' యను సమాసము గ్రాహ్యముగా తోచుచున్నది. ఉపాసన యనగా సమీపమున కూర్చుండుట. సన్నిధి యను అంశము అందుండి సిద్ధించును. మౌనమను పదము వాగ్విరామమును, మనోవిరామమును తెలుపును. 62వ కీర్తనలో తెలుగు అనువాదకులు ప్రాణము దేవునియెదుట నిలుచు స్థితికి మౌనమను పదమునే వాడియుండుట దీనికి బలము.

4. పాలమూరునకు వచ్చిన ధార

మౌనోపాసన కాథలిక్ మఠములకు మాత్రమే చెందినదనియు, పాలమూరునకు వచ్చిన ప్రొటెస్టంటు శాఖలతో దానికి సంబంధము లేదనియు సామాన్యముగా భావింపబడును. చరిత్ర దీనిని సమర్థింపదు.

రైను నదీతీరమున జర్మను భాషలో ఉపదేశించిన డొమినికన్ సన్న్యాసి మైస్టర్ ఎక్‌హార్ట్ (సుమారు 1260–1328) ఆధ్యాత్మిక సాధనయందు ఒక విశిష్ట పదమును నెలకొల్పెను. ఆధునిక జర్మనులో దాని రూపము గెలాసెన్‌హైట్. 'లాసెన్' అను క్రియకు విడుచుట, వదలియుంచుట యని అర్థము. స్వసంకల్పమును విడిచిన వాని స్థితియే గెలాసెన్‌హైట్. ఎక్‌హార్ట్ మరణానంతరము 1329లో పోపు 22వ జాన్ ఆయన వాక్యములలో 28 వాక్యములను దూషించుచు శాసనమును వెలువరించినను, ఆయన భావములు జొహాన్నెస్ టౌలర్ (సుమారు 1300–1361) ఉపదేశముల ద్వారా, కర్త పేరు తెలియని 'థియొలోగియా గెర్మానికా' యను గ్రంథము ద్వారా నిలిచినవి. ఈ గ్రంథమును మార్టిన్ లూథర్ 1516లో కొంత భాగముగను, 1518లో సమగ్రముగను ముద్రింపజేసెను.

1525లో జ్యూరిక్ నగరమున వయోజన బాప్తిస్మముతో ఆనబాప్టిస్టు ఉద్యమము పుట్టినది. ఆ ఉద్యమపు తొలి ఆచార్యులలో హాన్స్ డెంక్ టౌలర్ భావములచే ప్రభావితుడు. మిఖాయెల్ సాట్లర్ నల్లవనమందలి బెనెడిక్టు మఠమున ఉపాధిపతిగా నుండి వచ్చినవాడు. 1527లో ఆయన సజీవదహనమునకు గురియయ్యెను. ఖడ్గమును చేపట్టకుండుట, ప్రతీకారమును మానుట, హింసను సహించుట అను నియమములలో గెలాసెన్‌హైట్ ఆచరణ రూపమును ధరించెను. డచ్చి దేశీయుడైన మెన్నో సిమన్స్ (1496–1561) పేరుతో ఈ శాఖలోని ఒక ప్రధాన సమూహము మెన్నొనైట్లుగా ప్రసిద్ధమైనది.

దక్షిణ రష్యాకు వలసపోయిన మెన్నొనైట్లలో 1860లో మెన్నొనైట్ బ్రదరెన్ అను సంస్కరణ శాఖ ఏర్పడినది. దానికి ప్రేరణ నిచ్చినవారిలో జర్మను పైటిస్టు ప్రబోధకుడు ఎడ్వర్డ్ వ్యూస్ట్ ముఖ్యుడు. పైటిజమునకు మూలాధారములలో ఒకటి యోహాన్ ఆర్ంట్ రచించిన 'నిజమైన క్రైస్తవము'. అందు టౌలర్ భావములు విరివిగా కలవు. కావున రైనుతీరపు మౌనధార ఈ శాఖకు రెండు మార్గములలో చేరినది: ఆనబాప్టిస్టుల త్యాగము ద్వారా ఒకటి, పైటిస్టుల భక్తి ద్వారా ఒకటి. ఈ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ బాప్టిస్టు మిషను పక్షమున నల్లగొండలో పనిచేసెను. 1899లో ఎన్. ఎన్. హీబర్ట్ హైదరాబాదు రాజ్యమునకు వచ్చిన పిదప అమెరికాలోని మెన్నొనైట్ బ్రదరెన్ సొంత మిషను ఆరంభమైనది. క్రమముగా నాగర్‌కర్నూలు, వనపర్తి స్థానములు ఏర్పడినవి. గద్వాల క్షేత్రము 1937లో బాప్టిస్టులనుండి వారికి సంక్రమించినది.

5. గెలాసెన్‌హైట్, ప్రపత్తి

గెలాసెన్‌హైట్‌ను తెలుగున చెప్పుటకు శ్రీవైష్ణవ పరిభాష సమీపస్థము. శరణాగతికి చెప్పబడిన ఆరు అంగములలో కార్పణ్యము, మహావిశ్వాసము, ఆత్మనిక్షేపము అనునవి ఇచ్చట విశేషముగా గమనార్హములు. తన అశక్తిని గుర్తించుట కార్పణ్యము. రక్షకునియందు నిశ్చయము మహావిశ్వాసము. తన భారమును ఆయనయందుంచుట ఆత్మనిక్షేపము. 'న్యాసము' అను నామాంతరమున 'క్రింద ఉంచుట' యను భావము లాసెన్ ధాత్వర్థమునకు దగ్గరది. న్యాసవింశతి కర్తయైన వేదాంత దేశికులు (1268–1369) ఎక్‌హార్ట్‌కు సమకాలికులే. ఇది పరస్పర ప్రభావమునకు ప్రమాణము కాదు. ఒకే కాలమున రెండు దూరదేశములలో ఒకే ప్రశ్న వివేచింపబడినదనుటకు మాత్రము నిదర్శనము.

ఆ ప్రశ్న యేది? సాధకుని యత్నమెంత, దైవకృప యెంత అనునదియే. తల్లిని గట్టిగా పట్టుకొను కోతిపిల్ల వలె జీవుడు కొంత యత్నింపవలెనని ఉత్తర కళై సంప్రదాయము. తల్లి నోట కరచుకొనిపోవు పిల్లికూన వలె నిశ్చింతగా నుండవలెనని దక్షిణ కళై సంప్రదాయము. క్రైస్తవ వేదాంతులును సాధించిన మౌనము, అనుగ్రహింపబడిన మౌనము అని రెండు భేదములను పరిగణించిరి. యత్నత్యాగమును అతిగా చెప్పిన మిగేల్ మోలినోస్ వాక్యములు 68 రోమునగరమున 1687లో దూష్యములుగా నిర్ణయింపబడినవి. ఉభయత్ర వివాదమునకు నిమిత్తమొక్కటే, నిర్ణయములు వేరు.

భేదమును కూడ మరువరాదు. ప్రపత్తి జీవేశ్వర శేషశేషి సంబంధముపై నిలిచినది. గెలాసెన్‌హైట్ క్రీస్తు సిలువయందు చూపిన స్వసంకల్ప త్యాగమునకు అనుకరణము. ఆనబాప్టిస్టులయందు అది ఏకాంత సాధకుని ధర్మము కాక సంఘధర్మమైనది. మౌనము ఇరుగుపొరుగువారిపట్ల అహింసగా ఫలింపనిచో అది వారి దృష్టిలో అసత్యము.

6. పూర్వపక్షములు, సమాధానములు

ఒకటవ ఆక్షేపము: పాలమూరునకు వచ్చిన మిషనరీలు సువార్త ప్రచారకులు, పాఠశాలలను వైద్యశాలలను నడపినవారు, మౌనోపాసనను వారు ఆ పేరుతో ఉపదేశింపలేదు. వంశవృక్షమును చూపినంత మాత్రమున విద్య సంక్రమించినట్లగునా?

సమాధానము: ఉపదేశముగా సంక్రమించినదని ఇచ్చట ప్రతిజ్ఞ చేయబడలేదు. సంస్కారముగా వచ్చినదని మాత్రమే వక్తవ్యము. నేలలోని తేమ కంటికి కనబడకున్నను బీజమునకు ఆధారమగును. మౌనోపాసన ఈ శాఖకు పరకీయము కాదని చూపుటయే వంశక్రమ నిరూపణకు ప్రయోజనము.

రెండవ ఆక్షేపము: ఆలోచన మానినచో మిగులునది జాడ్యమే, అది ప్రార్థన యెట్లగును?

సమాధానము: వేదాంతసారమున సమాధికి చెప్పబడిన నాలుగు విఘ్నములలో లయము మొదటిది. చిత్తము నిద్రలోనికి జారుట లయము. మన శాస్త్రములకు ఈ భేదము సుపరిచితమే. సిలువ యోహాను కూడ విచారమును విడిచి మౌనమునకు పోదగిన వేళను గుర్తించుటకు మూడు చిహ్నములను చెప్పెను. వెనుకటివలె విచారింప శక్తి లేకుండుట మొదటిది. ఇతర విషయములయందును మనసు నిలుపుటకు ఇచ్ఛ లేకుండుట రెండవది. ఈశ్వరునియందు ప్రేమతో కూడిన అవధానముతో ఏకాంతమున నుండుటకు ప్రీతి కలుగుట మూడవది. మూడును కలిసియున్నపుడే అది మౌనోపాసన. మూడవది లేనిచో అలసటయో, మనోవ్యాధియో కావచ్చును. అవధానమున్న చోట జాడ్యమునకు తావు లేదు.

మూడవ ఆక్షేపము: ప్రపత్తి పరిభాషను గ్రహించినచో దానితో శ్రీవైష్ణవ సిద్ధాంతమును కూడ గ్రహించినట్లగును.

సమాధానము: 'గుణ' శబ్దము పాణినీయమున ఒక అర్థమును, సాంఖ్యమున ఇంకొక అర్థమును, వైశేషికమున వేరొక అర్థమును ఇచ్చుచున్నది. సంజ్ఞను గ్రహించు శాస్త్రకారుడు తన లక్షణమును తాను చెప్పుకొనినచో సాంకర్యము రాదు. లక్షణము చెప్పక పదమును మాత్రము ఎరువు తెచ్చుకొనుటయే దోషము.

7. దేశ్యపదము: ఊరకుండుట

పరిభాష పండితులకు. గ్రామ సంఘమునకు వారి నోట మెదలు పదము కావలెను. అట్టి పదము తెలుగు బైబిలుననే కలదు. 46వ కీర్తనలో దేవుడు జనులను 'ఊరకుండుడి' అని ఆజ్ఞాపించును. అచ్చటి హీబ్రూ ధాతువు 'రాఫా'. పట్టు సడలించుట, చేతులను వదలివేయుట దాని అర్థము. గెలాసెన్‌హైట్‌లోని లాసెన్ ధాతువునకును దీనికిని అర్థైక్యము స్పష్టము.

తెలుగున 'ఊరక' యను అవ్యయమునకు మూడర్థములు వాడుకలో కలవు. ఊరకుండుట యనగా మాటాడకుండుట. ఊరక కూర్చుండుట యనగా పని లేకయుండుట. ఊరక ఇచ్చుట యనగా వెల లేక, కారణము లేక ఇచ్చుట. మౌనము, యత్నవిరామము, నిర్హేతుకత్వము అను ఈ మూడును కాంటెంప్లాటియో లక్షణములే. దక్షిణ కళై ఆచార్యులు నిర్హేతుక కృపయని విస్తరించి నిరూపించిన భావము తెలుగువాని 'ఊరక'లో అప్రయత్నముగా ఇమిడియున్నది. గ్రీకు లాటిను పదములు చూపును మాత్రము తెలుపగా, ఈ దేశ్యపదము కృపాలక్షణమును కూడ తెలుపుట విశేషము.

తెలంగాణ పలుకుబడిలో ఏడ్చు బిడ్డను తల్లి 'ఊకో బిడ్డా' యని ఓదార్చును. 131వ కీర్తనలో కీర్తనకారుడు తన ప్రాణమును పాలు మాన్పింపబడి తల్లియొద్ద నిమ్మళించిన పిల్లతో పోల్చుకొనెను. పాలకొరకు ఏడ్చు దశ దాటినది. తల్లి సన్నిధియే చాలినది. యాచనాత్మక ప్రార్థనకును మౌనోపాసనకును గల భేదమును ఇంతకంటె తేటగా చెప్పు ఉపమానము అరుదు. పాలమూరు సంఘములలోని విశ్వాసులలో అధికులు దళిత కుటుంబములవారు. కరవుచే దూరదేశములకు కూలికి వలసపోయిన సీమవారు. అట్టివారికి 'ఊరకుండుము' అను మాట అధికారుల నోటనుండి వచ్చినపుడు నోరు మూయించు ఆజ్ఞయే యైనది. అదే మాట కీర్తనలో ఓదార్పుగా వచ్చుచున్నది. ఈ భేదమును విస్మరించి మౌనమును బోధించు ఉపదేశకుడు అన్యాయమునకు తోడ్పడినవాడగును. ఆనబాప్టిస్టులు ప్రతీకారమును విడిచిరి గాని తమ సాక్ష్యమును విడువలేదు. సాట్లర్ న్యాయసభలో తన పక్షమును నిలిచి చెప్పియే మరణమును పొందెను. ఊరకుండుట దైవసన్నిధిలో, అన్యాయము నెదుట కాదు.

8. ఉపసంహారము

పై విచారమువలన ఈ క్రింది నిర్ణయములు సిద్ధించుచున్నవి. లెక్టియోకు పఠనము, మెడిటాటియోకు ధ్యానము, ఓరాటియోకు ప్రార్థన, కాంటెంప్లాటియోకు మౌనోపాసన, గెలాసెన్‌హైట్‌కు ఆత్మనిక్షేపము శాస్త్రగ్రంథములలో సంజ్ఞలుగా వాడదగినవి. ప్రసంగములలో, గ్రామ సంఘములలో ఊరకుండుట యను దేశ్యపదము చాలును. తులనాత్మక బోధనలో కాంటెంప్లాటియోను నిదిధ్యాసనముతో గాక, రామానుజ సంప్రదాయమందలి ప్రీతిరూప ఉపాసనతో పోల్చి, సామ్యముతోపాటు భేదమును కూడ చెప్పవలెను.

గద్వాల, వనపర్తి సంస్థానముల పండితులు ప్రతివాది మతమును అతనికంటె చక్కగా అనువాదము చేసిన పిదపనే ఖండనమునకు పూనుకొను సంప్రదాయమునకు వారసులు. పూర్వపక్షమును సరిగా తెలియనివానికి సిద్ధాంతమును స్థాపించు అర్హత లేదను నియమము నేటి అధ్యాపకులకును వర్తించును. పొరుగువారి ప్రార్థనకు సరియైన పేరు పెట్టుట ఆ నియమ పాలనలో తొలి మెట్టు.